బొమ్మ ఎడమకి పరిగెడుతుంది, కుడికి కదలదు: యానిమేషన్ కోడ్‌లో ఎర్రర్లు, వార్నింగులు

వాడేవి ఇవి: సీ ప్లస్ ప్లస్ భాష, తెర మీద బొమ్మలు గీయడానికి ఎస్‌డీఎల్ 2 లైబ్రరీ, విండోస్ మీద మింగ్‌డబ్ల్యూలో వచ్చే జీ ప్లస్ ప్లస్ కంపైలర్ (కోడ్‌ని యంత్రభాషలోకి మార్చేది). పరిగెత్తే పిల్లాడి స్ప్రైట్ షీట్ (కదలికలోని బొమ్మలన్నీ వరసగా ఉన్న ఒకే చిత్రం) ఒకటి: 64 పిక్సెళ్ల వెడల్పున్న 6 ఫ్రేములు, మొత్తం 384 పిక్సెళ్లు. మొదటి గేమ్ రాసేవాళ్లు దాదాపు ఇలాగే మొదలుపెడతారు, ఇంచుమించు ఇవే గోతుల్లో పడతారు.

ముందుగా ఒక పని చేయండి. కంపైల్ చేసేటప్పుడు వార్నింగులు చూపించమని చెప్పే డబ్ల్యూ-ఆల్ (-Wall), డబ్ల్యూ-ఎక్స్‌ట్రా (-Wextra), డబ్ల్యూ-కన్వర్షన్ (-Wconversion) ఫ్లాగులు మూడూ పెట్టండి. పేరులో ‘ఆల్’ ఉంది కదా అని మొదటిదొక్కటే పెట్టి ఊరుకుంటే లాభం లేదు, అది అన్నీ చూపించదు.

తెర నిండా ఎర్రర్లు

కంగారు పడకండి. మొదటి ఎర్రర్ ఒక్కటే చదివి, సరిచేసి, మళ్లీ కంపైల్ చేయండి. మిగతావి చాలావరకు దాని పిల్లలే. ఎక్కువసార్లు స్ట్రక్ట్ చివర బ్రాకెట్ మూశాక సెమికోలన్ మర్చిపోయి ఉంటారు. సెమికోలన్ లేదన్న సంగతి కంపైలర్‌కి తర్వాతి పదం ఎదురయ్యాకే తెలుస్తుంది కాబట్టి, ఒక్కోసారి, ముఖ్యంగా పాత కంపైలర్ అయితే, ఏ పాపం ఎరగని కింది లైన్‌ని చూపిస్తుంది. ఆ లైన్‌లో తప్పేమీ కనబడకపోతే పై లైన్ చూడండి.

‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అంటోంది

ఇది కంపైలర్ మాట కాదు, కంపైలైన ముక్కల్నీ లైబ్రరీల్నీ కలిపి కుట్టే లింకర్ మాట. కోడ్‌లో అక్షరదోషాలు వెతుకుతూ కూర్చోవద్దు. విన్‌మెయిన్ (WinMain) దొరకలేదంటే లైబ్రరీల వరస చూడండి: ముందు మీ సోర్స్ ఫైళ్లు, తర్వాత మింగ్‌డబ్ల్యూ32, ఆ తర్వాత ఎస్‌డీఎల్2మెయిన్, చివర ఎస్‌డీఎల్2. ఎస్‌డీఎల్_మెయిన్ (SDL_main) దొరకలేదంటే మెయిన్ ఫంక్షన్‌కి ఆర్గ్‌సీ (argc), ఆర్గ్‌వీ (argv) రెండూ రాశారో లేదో చూసుకోండి. వాడినా వాడకపోయినా అవి ఉండాల్సిందే.

ఏ కీ నొక్కినా ఒకే వైపు చూస్తున్నాడు

ఇఫ్‌లో == (సమానమా అని అడిగేది) బదులు = (విలువ పెట్టేసేది) పడింది. డబ్ల్యూ-ఆల్ దీన్ని పట్టుకుంటుంది గానీ, ‘చుట్టూ బ్రాకెట్లు పెట్టుకోండి’ అని సలహా ఇస్తుంది. ఆ మాట పట్టుకుని ఇంకో జత బ్రాకెట్లు పెడితే వార్నింగ్ పోతుంది, తప్పు మాత్రం అలాగే ఉంటుంది.

ఎడమకి వెళ్తాడు, కుడికి రాడు

నాకు బాగా నచ్చిన బగ్ ఇది. చూసినవాళ్లంతా కీబోర్డ్ కోడ్‌నే అనుమానిస్తారు. అసలు దొంగ ఎస్‌డీఎల్_రెక్ట్‌లో (బొమ్మని ఎక్కడ గీయాలో చెప్పే చతురస్రపు కొలతల్లో) ఉన్నాడు. అందులో అడ్డంగా స్థానం చెప్పే ఎక్స్ అనేది ఇంట్, అంటే పూర్ణాంకం. వేగం సెకనుకి 50 పిక్సెళ్లు, ఫ్రేముకి (అంటే తెర ఒకసారి గీయడానికి) 0.016 సెకన్లు అనుకుంటే ఒక్కో ఫ్రేముకి కదలాల్సింది 0.8 పిక్సెల్. పిల్లాడు 100 దగ్గర ఉన్నాడు. కుడికి వెళ్తే 100.8, ఇంట్‌లో పెట్టగానే చుక్క తర్వాతది ఎగిరిపోయి 100. మళ్లీ అక్కడే. ఎడమకి వెళ్తే 99.2, అది 99 అవుతుంది, అంటే ఒక పిక్సెల్ కదిలాడు. సెకనుకి 60 ఫ్రేములైతే ఎడమకి 60 పిక్సెళ్లు, కుడికి సున్నా. వేగాన్ని 90కి పెంచితే కుడికి 60, ఎడమకి 120. పెంచాక రెండు వైపులా కదులుతున్నాడు కదా, బాగైపోయిందనుకుని చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

డబ్ల్యూ-కన్వర్షన్ పెట్టి ఉంటే కంపైలర్ ముందే చెప్పేది: ఫ్లోట్ (దశాంశ సంఖ్య) నుంచి ఇంట్‌కి మారితే విలువ మారవచ్చని. విజువల్ స్టూడియోలో ఇదే సంగతి సి4244 నంబరుతో వస్తుంది. వార్నింగ్ కనబడగానే ముందు ఇంట్ అని కాస్ట్ (రకం మార్చమనే ఆదేశం) తగిలించేయడం అందరికీ అలవాటు. అలా చేస్తే కంపైలర్ నోరు మూతపడుతుంది, పిల్లాడు మాత్రం కుడికి కదలడు.

సరైన మందు: స్థానాన్ని విడిగా ఒక ఫ్లోట్‌లో దాచుకోండి, కూడికలూ తీసివేతలూ దాని మీదే చేయండి. గీసేటప్పుడు మాత్రమే రౌండ్ చేసి రెక్ట్‌లో పెట్టండి. ఎస్‌డీఎల్ 2.0.10 నుంచి ఫ్లోట్ స్థానాలతోనే గీసే ఎస్‌డీఎల్_ఎఫ్‌రెక్ట్, ఎస్‌డీఎల్_రెండర్‌కాపీఎఫ్ ఉన్నాయి, అవి వాడినా సరే.

అసలు ఎటూ కదలకపోతే గడిచిన కాలం లెక్క చూడండి. 16 మిల్లీసెకన్లని 1000తో భాగిస్తే, రెండూ పూర్ణాంకాలు కాబట్టి జవాబు 0. 1000.0తో భాగించండి. ఈ భాగహారం మీద డబ్ల్యూ-ఆల్, డబ్ల్యూ-ఎక్స్‌ట్రా రెండూ మౌనమే.

ఒక్క క్షణం మాయమై మళ్లీ వస్తున్నాడు

ఫ్రేమ్ నంబరు 6 దాకా వెళ్తోంది. ఉన్నవి 0 నుంచి 5 వరకే. 6 × 64 అంటే 384, అంటే షీట్ బయట. ఎస్‌డీఎల్ తిట్టదు, గీయకుండా ఊరుకుంటుంది. <= ని < చేయండి, లేదా % 6 (6తో భాగిస్తే మిగిలే శేషం) వాడండి.

యానిమేషన్ వెనక్కి నడిపేటప్పుడు ఇంకో చిక్కు. ఫ్రేమ్ నంబరు అన్‌సైన్డ్ (రుణ సంఖ్యలు పట్టని రకం) అయితే 0 నుంచి 1 తీసేస్తే 4294967295 వస్తుంది. దాన్ని % 8 చేస్తే 7, అదృష్టం కొద్దీ సరైనదే. % 6 చేస్తే 3. అందుకే 8 ఫ్రేముల బొమ్మతో బాగా నడిచిన కోడే 6 ఫ్రేముల బొమ్మకి మధ్యలోకి దూకుతుంది. సైన్డ్ ఇంట్‌కి మార్చినా -1 వచ్చి బొమ్మ మాయమవుతుంది. ఇలా రాయండి: ఫ్రేమ్ = (ఫ్రేమ్ + 5) % 6.