హెచ్4 మీద ఉన్నవాళ్లు ఐ-94 తేదీ చూసుకోండి

అమెరికాలో భార్య లేదా భర్తకున్న హెచ్1బీ ఉద్యోగ వీసా ఆధారంగా హెచ్4 డిపెండెంట్ వీసా మీద ఉంటున్నవాళ్లు వీసా స్టాంపు తేదీ చూసి ధీమాగా ఉండిపోతారు. ఉండే గడువు చెప్పేది స్టాంపు కాదు, దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే ఎంట్రీ రికార్డు ఐ-94. పాస్‌పోర్టు గడువు దగ్గరపడితే ఎయిర్‌పోర్టులో ఆఫీసరు చాలాసార్లు ఐ-94ని ఆ తేదీకే కుదించేస్తారు. భర్తకు రెండేళ్లు, భార్యకు నాలుగు నెలలు అన్నట్టు తేడా వచ్చేస్తుంది. దిగగానే సీబీపీ (అమెరికా సరిహద్దు తనిఖీ విభాగం) వెబ్‌సైట్లో ఇద్దరివీ విడివిడిగా చూసుకోండి.

కొత్త పాస్‌పోర్టు వచ్చినంత మాత్రాన ఆ తేదీ దానంతటది మారదు, ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. ఐ-94 గడువు లోపే ఉండే గడువు పొడిగించమని కోరే ఐ-539 ఫారం వేయాలి, మ్యారేజ్ సర్టిఫికెట్ జతచేయాలి. లేదా కొత్త పాస్‌పోర్టుతో బయటికెళ్లి తిరిగి రావాలి. అప్పుడు పాత పాస్‌పోర్టు కూడా వెంట ఉంచుకోండి, వీసా స్టాంపు ఉండేది అందులోనే.