హెచ్‌ఐవీతో జీవిస్తున్న యువతకు ఫోన్ ద్వారా తోడుండడం ఎలా?

హెచ్‌ఐవీతో జీవిస్తున్న యువతీ యువకులు మందుల కోసం నల్లగొండకో మహబూబ్‌నగర్‌కో వచ్చి, హెచ్‌ఐవీ మందులు ఇచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో కౌన్సిలర్‌తో కాసేపు మాట్లాడి, మందుల డబ్బా తీసుకొని వెళ్లిపోతారు. మళ్లీ వచ్చే తేదీ వరకు ఆ డబ్బాతో ఒంటరిగానే ఉంటారు. ఆ మధ్యకాలంలో వారికి ఫోన్‌ను ఎలా ఆసరాగా మార్చవచ్చో కౌన్సిలర్లకు, స్వచ్ఛంద కార్యకర్తలకు, విషయం తెలిసిన కుటుంబ సభ్యులకు వివరించడానికి ఇది రాస్తున్నాను.

ఏ యాప్ వేయించాలన్న ఆలోచన కన్నా ముందు, తన ఆరోగ్య స్థితి ఆ అబ్బాయికి లేదా అమ్మాయికి తెలుసో లేదో నిర్ధారించుకోవాలి. పుట్టుకతోనే హెచ్‌ఐవీ సోకిన పిల్లల్లో కొందరికి ఇంట్లోవాళ్లు ఆ మందును బలం గోళీ అని చెప్పి ఏళ్ల తరబడి వేయిస్తుంటారు. అలాంటి బిడ్డ ఫోన్ తెర మీద కనిపించిన ఒక్క మాటతో నిజం తెలుసుకోవడం చాలా క్రూరమైన విషయం. ఆ సంగతి కౌన్సిలర్ ఎదురుగా కూర్చొని, వయసుకు తగినట్టు, ఒకటికి రెండుసార్లు మాట్లాడి చెప్పవలసినది. తెలిసినవారి విషయంలో కూడా వారి సమ్మతి లేకుండా మరొకరికి చెప్పకూడదు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఈ గోప్యతకు రక్షణ కల్పిస్తోంది. హాస్టల్ వార్డెన్ ఎంత మంచివారైనా సమ్మతి లేకుండా ఆయనకూ చెప్పకూడదు.

తర్వాత, ఆ ఫోన్ ఎవరిదో అడగండి. మన ఊళ్లలో చాలా ఇళ్లలో ఫోన్ ఒక్కరి సొత్తు కాదు. పగలు తమ్ముడు ఆటలాడతాడు, రాత్రి అమ్మ ముంబైలో ఉన్న నాన్నతో మాట్లాడుతుంది. అందుకే పేరులోనో గుర్తులోనో హెచ్‌ఐవీ కనిపించే యాప్ కన్నా, ఫోన్‌లో ముందునుంచే ఉన్న అలారం, క్యాలెండర్, వాట్సాప్ మేలని నా అభిప్రాయం. లాక్ పడి ఉన్న తెర మీద సందేశాల్లోని మాటలు కనిపించకుండా సెట్టింగ్స్‌లో మార్చి, వాట్సాప్‌లోని చాట్ లాక్ ఎలా వాడాలో పక్కన కూర్చొని చూపించండి.

అలారం పేరు 'మాత్ర' అని కాకుండా 'చార్జింగ్ పెట్టు' అన్నట్టుగా ఉండనివ్వండి. సమయం మీరు నిర్ణయించకండి. కాలేజీ బస్సు, మెస్ వేళలు, గదిలో ఒంటరిగా ఉండే ఘడియ తెలిసినది వారికే. ఇప్పుడు చాలామందికి ఇస్తున్న టీఎల్‌డీ అనే హెచ్‌ఐవీ మందు రోజుకు ఒకే మాత్ర కాబట్టి సాధారణంగా ఒక అలారం సరిపోతుంది. మాత్ర మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, అంతేగాని మరునాడు రెండూ కలిపి వేసుకోకూడదు అని ముందే చెప్పి ఉంచండి. బడిలో ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్ర గురించి కూడా అడగండి. ఐరన్, క్యాల్షియం మాత్రలను పరగడుపున టీఎల్‌డీతో కలిపి వేసుకుంటే అందులోని డోలుటెగ్రావిర్ అనే మందు ఒంటికి సరిగా పట్టదు. అందుకే ఆ మాత్రలు ఉన్న రోజు ఏది ఎప్పుడు వేసుకోవాలో ఏఆర్‌టీ కేంద్రంలో అడిగి, ఆ వేళకు మరో అలారం పెట్టించండి.

ఎక్కువ మంది తప్పు చేసేది గ్రూపు దగ్గర. మంచి ఉద్దేశంతోనే ఇరవై మందిని ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చేస్తారు. ఆ క్షణమే ఒకరి నంబరు మరొకరికి కనిపిస్తుంది, మిర్యాలగూడ అమ్మాయికి తన పక్క వీధి అబ్బాయి ఎదురవుతాడు. సమాచారం పంపడానికైతే బ్రాడ్‌కాస్ట్ జాబితా చాలు. అందులో ఎవరికి వారికి విడిగా సందేశం చేరుతుంది, కానీ వారు మీ నంబరును సేవ్ చేసుకొని ఉండాలి. ఆ పేరు కూడా 'ఏఆర్‌టీ మేడం' కాకుండా మామూలు పేరై ఉండాలి. పిల్లలు తమలో తాము మాట్లాడుకోవాలని కోరుకుంటే, ముందు ఒకసారి నేరుగా కలిపి, ఒప్పుకున్న నలుగురైదుగురితో చిన్న గ్రూపు పెట్టండి. సందేశాలు 24 గంటల్లో మాయమయ్యేలా పెట్టినా స్క్రీన్‌షాట్‌ను అది ఆపదని స్పష్టంగా చెప్పండి. రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్షలో అది కనిపించని స్థాయిలో నిలిచి ఉంటే లైంగిక సంబంధం ద్వారా ఇతరులకు సోకదన్న మాట ఇలాంటి చోట తోటివారి నోట వింటే, పెళ్లి గురించి భయపడుతున్న యువతకు కలిగే ధైర్యం ఏ కరపత్రమూ ఇవ్వలేదు.

పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు వెళ్లేవారి విషయంలో క్యాలెండర్ చాలా ముఖ్యం. మందులు అయిపోయే తేదీకి పది రోజుల ముందు, ఏడాదికోసారి చేసే వైరల్ లోడ్ పరీక్షకు ముందు గుర్తుచేసేలా పెట్టండి. మందులు, పరీక్షల వివరాలు రాసే పుస్తకాన్ని ఫొటో తీసి, గ్యాలరీలో కాకుండా లాక్ ఉన్న ఫోల్డర్‌లో దాచమనండి. అక్కడి ఏఆర్‌టీ కేంద్రానికి మార్చుకోవలసి వస్తే అది ఉపయోగపడుతుంది. ప్రయాణానికి ముందే ఇక్కడి కౌన్సిలర్‌కు చెప్పడం మాత్రం తప్పనిసరి.

రోజూ 'వేసుకున్నా' అని బదులిచ్చే పిల్ల నాలుగు రోజులు మౌనంగా ఉంటే, 'ఎందుకు వేసుకోలేదు' అని రాయకండి. 'ఎట్లున్నవు బిడ్డా' అని ఫోన్ చేయండి. మందు మానడం వెనుక తరచుగా బాధ ఉంటుంది, బద్ధకం కాదు. హెచ్‌ఐవీ సందేహాలకు 1097, మనసు బాగా కుంగినప్పుడు మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416 నంబర్లను ముందే ఇచ్చి ఉంచండి; చనిపోవాలనుంది అన్న మాట వస్తే సందేశాలతో సరిపెట్టకుండా, వెంటనే వారు నమ్మే మనిషిని దగ్గరకు పంపండి.

ఫోన్ అమ్మేటప్పుడు లేదా పాత ఫోన్ చెల్లెలికి ఇచ్చేటప్పుడు ఈ చాట్‌లు, ఫొటోలు, అలారాలు ఒక్కొక్కటే తీసేసి, చివరగా ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. అవసరమైన తేదీలను అంతకు ముందే కొత్త ఫోన్‌లోకి ఎక్కించుకొనేలా చూడండి.