పడవ ట్యాంకుకు ఊపిరి ఆడేలా చూసుకోవడం ఎలా?

రేవు నుంచి బయలుదేరినప్పుడు ఇంజను చక్కగా నడుస్తుంది. పావుగంటో ఇరవై నిమిషాలో గడిచాక వేగం తగ్గి, ఒకటి రెండుసార్లు తడబడి ఆగిపోతుంది. కాసేపు వదిలేసి తాడు లాగితే మళ్లీ అందుకుంటుంది. మళ్లీ పావుగంటకు అదే వరస. ట్యాంకులో చూస్తే పెట్రోలు సగానికి పైగానే ఉంటుంది. ఇలాంటప్పుడు చాలామంది ముందుగా కార్బురేటరు విప్పుతారు, ఫిల్టరు మారుస్తారు, ప్లగ్గులు తుడుస్తారు. కాకినాడ తీరంలో ఒక ఫైబర్ బోటు కుటుంబం ఇలాగే మూడు రోజుల వేట పోగొట్టుకోవడం నేను దగ్గరుండి చూశాను. చివరికి తేలిన లోపం ఒక్కటే: ట్యాంకు మూత మీద ఉండే చిన్న గాలి మర (తిప్పితే గాలి దారి తెరుచుకునే స్క్రూ) ఉప్పు పేరుకుని బిగుసుకుపోయింది. అందుకే ఇంజను మీద చేయి వేసే ముందు ట్యాంకును చూడమని అడిగిన ప్రతివారికీ చెబుతుంటాను.

ట్యాంకులోంచి లీటరు ఇంధనం బయటికి వెళ్తే ఆ చోటును నింపడానికి లీటరు గాలి లోపలికి రావాలి. ఆ దారి మూసుకుపోతే లోపల వెలితి ఏర్పడుతుంది, ఇంజను పంపు ఎంత లాగినా ఇంధనం కదలదు. ఎండ వేళ ఇదే లోపం ఎదురు తిరుగుతుంది. పెట్రోలు ఒక్కో డిగ్రీ వేడికి వెయ్యింట ఒక వంతు వరకు పెరుగుతుంది. అంటే 24 లీటర్లు పోసిన విడి ట్యాంకు (పడవకు బిగించకుండా చేత్తో మోసుకెళ్లేది) 20 డిగ్రీలు వేడెక్కితే లోపలి పెట్రోలు దాదాపు అర లీటరు ఉబ్బుతుంది. దానికి ఆవిరి ఒత్తిడి తోడవుతుంది. బయటికి పోయే దారి లేకపోతే ట్యాంకు పక్కలు బుంగలా ఉబ్బుతాయి.

లోపం గాలి దారిదేనా?

ఇంజను మొరాయించిన వెంటనే, ఇంకేమీ ముట్టుకోకుండా, ట్యాంకుకూ ఇంజనుకూ మధ్య గొట్టంలో ఉండే, చేత్తో నొక్కి ఇంధనం ఎక్కించే రబ్బరు బల్బును చూడండి. అది నొక్కుకుపోయి చదునుగా ఉంటే అడ్డంకి బల్బుకు ట్యాంకు వైపున ఉన్నట్టు. గుండ్రంగా, గట్టిగా ఉంటే ఇంధనం బల్బు దాకా వస్తోంది, లోపాన్ని ఇంజను వైపు వెతకాలి.

బల్బు చదునుగా ఉంటే మూతను నెమ్మదిగా వదులు చేయండి. 'స్స్' మంటూ గాలి లోపలికి పీల్చుకుంటే లోపం దొరికినట్టే. తీరానికి దగ్గరగా మూతను కొంచెం వదులుగా ఉంచి ఇంజను నడిపి చూస్తే, ఆగకుండా నడిచిందంటే ఇక అనుమానం అక్కర్లేదు. మూత వదిలినా ఇంజను ఆగిపోతుంటే ట్యాంకు అడుగున ఇంధనం పీల్చే గొట్టం చివరి జాలీ చెత్తతో పూడిందేమో, లేక పైపులో ఎక్కడైనా మడత పడిందేమో చూడాలి.

విడి ట్యాంకు ఉన్నవారు

మూత మీద గాలి మర ఉన్న ట్యాంకులకు నియమం సులువు. ఇంజను నడుస్తున్నంతసేపు మర తెరిచి ఉండాలి. మోసుకెళ్లేటప్పుడు, దాచేటప్పుడు మూసి ఉండాలి. మర తిరగకపోతే మూతను ట్యాంకు నుంచి తీసి, మంచినీటిలో నానబెట్టి ఉప్పు కరిగించి, పూర్తిగా ఆరాక బిగించండి. మూత లోపలి రబ్బరు వాషరు పగిలి ఉంటే మార్చేయండి. కొందరు విసిగిపోయి మూతకు మేకుతో రంధ్రం పొడుస్తారు. దయచేసి ఆ పని చేయకండి. అల తుళ్లినప్పుడల్లా ఆ రంధ్రంలోంచి ఉప్పునీరు లోపలికి, పెట్రోలు ఆవిరి పడవలోకి చేరుతుంది. ఆ ఆవిరి గాలికంటే బరువైనది. పైకి పోకుండా పడవ అడుగునే పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

మూసిన ట్యాంకు ఎండలో ఉండి ఉంటే దాన్ని నేరుగా ఇంజనుకు తగిలించకండి. లోపలి ఒత్తిడి పెట్రోలును గొట్టంలోకి తోసి, కార్బురేటరులోని సూది వాల్వును దాటించి, ఇంజను మీదా పడవ అడుగునా పారిస్తుంది. ముందు ట్యాంకును నీడలో, నిప్పుకు దూరంగా పెట్టండి. ముఖం పక్కకు తిప్పుకుని మరను కొద్దికొద్దిగా తెరిచి ఒత్తిడి వదిలేయండి. ఆ తర్వాతే గొట్టం తగిలించండి.

అమెరికాలో 2011 నుంచి తయారయ్యే విడి ట్యాంకుల తీరు వేరు. ఆవిరి గాలిలో కలవకూడదని అక్కడ పెట్టిన నిబంధన ప్రకారం, ఇంజను నుంచి విడదీసిన ట్యాంకు చదరపు అంగుళానికి 5 పౌండ్ల ఒత్తిడి దాకా తనంతట తాను మూసుకునే ఉండాలి. గాలి లోపలికి మాత్రం రానిస్తుంది. అక్కడ సరస్సుల మీద చేపల వేట సరదా ఉన్న తెలుగువారు ఎండలో ఉబ్బిన ట్యాంకును చూసి పాడైందనుకోవచ్చు. అది పాడైనట్టు కాదు, దాని తయారీయే అంత. అయితే తగిలించే ముందు ఒత్తిడి వదలడం మాత్రం దానికి మరింత అవసరం.

పడవలో బిగించిన ట్యాంకు ఉన్నవారు

మర బోట్లలో, అంటే లోపల ఇంజను బిగించిన పెద్ద వేట పడవల్లో, డీజిల్ ట్యాంకు పైభాగం నుంచి ఒక గాలి గొట్టం బయలుదేరి బయటికి వస్తుంది. పని మొదలుపెట్టే ముందు ఇంజను చల్లారనివ్వండి, బ్యాటరీ కనెక్షను తీసేయండి, బీడీ సిగరెట్లు ఒడ్డునే వదిలేయండి. బయటి కొస నుంచి ట్యాంకు దాకా ఆ గొట్టాన్ని చేత్తో తడుముతూ వెళ్లండి. కొసన ఉన్న జాలీని విప్పి కడగండి. అది పురుగుల కోసం మాత్రమే పెట్టినది కాదు, చాలా పడవల్లో బయటి మంట లోపలికి పాకకుండా ఆపేది కూడా అదే. కాబట్టి అడ్డుగా ఉందని పీకి పారేయకూడదు. జాలీ లేని గొట్టాల్లో కందిరీగలు మట్టిగూళ్లు కట్టడం మామూలే.

ఆ తర్వాత గొట్టాన్ని రెండు కొసలా విడదీసి, ట్యాంకు మీద తెరుచుకున్న మూతిని శుభ్రమైన గుడ్డతో మూసి, విడదీసిన గొట్టంలోకి సైకిలు పంపుతో గాలి కొట్టండి. నోటితో ఊదకండి. టైర్లకు గాలి కొట్టే కంప్రెసరును ట్యాంకుకు తగిలించే ఆలోచన అసలే వద్దు. అమెరికా నిబంధనల్లో పెట్రోలు పడవల ఇంధన వ్యవస్థను పరీక్షించే ఒత్తిడే చదరపు అంగుళానికి 3 పౌండ్లు. అది చిన్న అంకెలా కనిపించవచ్చు కానీ, 60 సెంటీమీటర్ల పొడవూ వెడల్పూ ఉన్న రేకు మీద దాదాపు 750 కిలోల బరువు మోపినంత. కంప్రెసరు ఒత్తిడి దానికి ముప్పై రెట్లు ఉంటుంది.

గొట్టం తిరిగి బిగించేటప్పుడే అసలు జాగ్రత్త అవసరం. ట్యాంకు నుంచి పై దాకా అది ఎక్కుతూనే పోవాలి. మధ్యలో ఎక్కడైనా వేలాడితే ఆ వంపులో డీజిల్ నిలిచి, వంటింటి సింకు కింది వంపులో నీరు నిలిచినట్టే గాలిని అడ్డుకుంటుంది. గొట్టం శుభ్రంగా ఉన్నా పని చేయకపోవడానికి నేను చూసిన కారణాల్లో ఇదే ఎక్కువ. పైన బాగా ఎత్తుకు తీసుకెళ్లి, కొసను చేతికర్ర పిడిలా కిందికి వంచితే అలల నీరు లోపలికి రాదు. కొస ఇంజను గదిలోకీ, పడుకునే చోటుకూ, పొగగొట్టం దగ్గరికీ తెరుచుకోకూడదు. లోపలి వ్యాసం 16 మిల్లీమీటర్లు ఉంటే చాలా చిన్న పడవలకు సరిపోతుంది. తోటకు నీళ్లు పెట్టే ప్లాస్టిక్ పైపు వాడకండి, ఇంధనానికి అది గట్టిపడి చీలుతుంది.

రెండు ట్యాంకులు కలిపి ఉన్నప్పుడు దేని గాలి గొట్టం దానికి ఉండాలి. ఒకటి పూడితే డీజిల్ ఒకవైపు నుంచే ఖాళీ అవుతూ పడవ ఒరగడం మొదలవుతుంది. సరంగు (పడవ నడిపే పెద్ద) సరుకు సర్దుబాటులో తప్పుందనుకుని ఐసు పెట్టెలు అటూ ఇటూ జరిపిస్తుంటాడు.

ఇంధనం పోసేటప్పుడు

విడి ట్యాంకును పడవలో ఉంచి నింపకండి. నేల మీద పెట్టి, బంకు గొట్టం మూతిని ట్యాంకు మూతికి ఆనించి నింపితే స్థిర విద్యుత్తు వల్ల రవ్వ పుట్టే ప్రమాదం తగ్గుతుంది. ఏ ట్యాంకునైనా అంచు దాకా నింపకుండా పదో వంతు ఖాళీ వదలండి. బిగించిన ట్యాంకు నింపుతుంటే డీజిల్ బుడబుడమని ఎగదన్నుతోందంటే గాలి గొట్టం పూడిందని అర్థం. అక్కడే ఆపండి. గాలి దారి మూసుకుపోయి, నింపే పైపులో ఒక మీటరు ఎత్తున డీజిల్ నిలిస్తే, ఇందాక చెప్పిన కొలత రేకు మీద దాదాపు 300 కిలోల ఒత్తిడి పడుతుంది. ట్యాంకుల అతుకులు విచ్చేది ఇలాంటప్పుడే.

అన్నీ అయ్యాక మూత గట్టిగా బిగించి, విడి ట్యాంకైతే గాలి మర తెరిచి, తీరానికి దగ్గరగా అరగంట పూర్తి వేగంతో నడిపి చూడండి. బల్బు గుండ్రంగా ఉండి, మూత తీసినప్పుడు చప్పుడు రాకపోతే పని పూర్తయింది.

మన తూర్పు తీరంలో ఈ పనికి మంచి సమయం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల వేట విరామం. పడవకు రంగు వేసేదీ అప్పుడే. గాలి గొట్టం కొస మీదుగా బ్రష్షు పోయిందంటే జాలీ కన్నాలన్నీ ఒక్క పూతతో మూసుకుపోతాయి. రంగు వేసే ముందు దానికి టేపు చుట్టండి. చుట్టినట్టు మరిచిపోకుండా ఒక ఎర్రగుడ్డ పీలికను చుక్కాని పిడికి కట్టండి. టేపు ఊడదీశాకే ఆ పీలిక విప్పాలి.