పాత హాస్యచిత్రాన్ని కాపాడుకుందాం – 3వ పాఠం: టైమింగ్ చెడకుండా టేపును ఫైలుగా మార్చడం

రెండో పాఠం ముగిసేసరికి మన చేతిలో ఒక వీహెచ్ఎస్ క్యాసెట్ మిగిలింది. నెగెటివ్ ఆచూకీ లేదు, ప్రింటు దొరకలేదు, డీవీడీ రానే లేదు. ఎవరూ పట్టించుకోని హాస్యచిత్రాలకు చాలాసార్లు చివరి ఆధారం ఇలాంటి క్యాసెట్టే. ఈ పాఠంలో దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాం.

టేపుల డిజిటైజేషన్ అనగానే అందరూ ముందు బొమ్మ స్పష్టత గురించి అడుగుతారు. హాస్యచిత్రానికి అది రెండో ప్రశ్న. బొమ్మ కాస్త మసకగా ఉన్నా నవ్వొస్తుంది. చెంపదెబ్బ పడ్డాక చప్పుడు నాలుగు ఫ్రేములు ఆలస్యంగా వినిపిస్తే రాదు. నటుడు జవాబు చెప్పేముందు ఆగిన ఆ అరక్షణం కూడా సినిమాలో భాగమే. అందుకే కింద చెప్పే ప్రతి పనిలోనూ ముందు కాలాన్ని కాపాడతాం, ఆ తర్వాతే బొమ్మను.

క్యాసెట్, వీసీఆర్

క్యాసెట్ కిటికీలోంచి టార్చి వేసి టేపు చుట్టను చూడండి. అంచుల మీద తెల్లటి పొడిలాంటిది కనిపిస్తే అది బూజు. ఆ క్యాసెట్‌ను వీసీఆర్‌లో పెట్టకండి. ఒక్కసారి తిరిగినా బూజు టేపును చదివే హెడ్లకు అంటుకుని, తర్వాత పెట్టే క్యాసెట్లన్నిటికీ పాకుతుంది. చుట్ట శుభ్రంగా ఉంటే, క్యాసెట్ వెనక అంచున ఉండే రికార్డింగ్ ట్యాబ్ విరిచేయండి. ఆ తర్వాత పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా సినిమా చెరిగిపోదు. చల్లటి చోటి నుంచి తెచ్చిన క్యాసెట్‌ను ఒక రోజంతా గదిలో ఉంచాలి; చెమ్మ పట్టిన టేపు, హెడ్లు బిగించి ఉండే తిరిగే డ్రమ్ముకు అతుక్కుంటుంది.

వీసీఆర్‌ను ముందు ఒక పనికిరాని క్యాసెట్‌తో పరీక్షించండి. టేపు నమిలే యంత్రమో కాదో తేల్చుకోవడానికి మన సినిమా బలి కాకూడదు. హెడ్లు తుడవాలంటే ప్లగ్ తీసేసి, పైమూత విప్పి, పోగులు రాలని మెత్తటి తోలు ముక్కను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడపండి. ముక్కను డ్రమ్ముకు ఆనించి కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో డ్రమ్మునే మెల్లగా తిప్పాలి. పైకీ కిందికీ రుద్దితే హెడ్ మొన విరుగుతుంది. దూది పుల్లలు వద్దు, వాటి పోగులు హెడ్‌లో చిక్కుకుంటాయి. ఆల్కహాల్ పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వండి.

ఏళ్ల తరబడి కదలని టేపులో చుట్టల బిగువు సమానంగా ఉండదు. ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మొదటికి రివైండ్ చేస్తే సర్దుకుంటుంది.

సిగ్నల్ దారి

వీహెచ్ఎస్ టేపు మీద వెలుగు, రంగు వేర్వేరుగా రికార్డవుతాయి. పసుపు రంగు కాంపోజిట్ కేబుల్ ఆ రెంటినీ కలిపేస్తుంది, క్యాప్చర్ పరికరం (సిగ్నల్‌ను కంప్యూటర్ ఫైలుగా మార్చేది) మళ్లీ విడదీస్తుంది. ఆ కలపడం విడదీయడంలో రంగు మారే అంచుల వెంట చుక్కలు పాకుతూ కనిపిస్తాయి. వెలుగు, రంగులను విడిగా పంపే ఎస్-వీడియో అవుట్‌పుట్ ఉన్న ఎస్-వీహెచ్ఎస్ డెక్ దొరికితే ఈ బాధ ఉండదు, మామూలు వీహెచ్ఎస్ టేపులు అందులో చక్కగా ఆడతాయి.

కేబుల్ కన్నా ముఖ్యమైనది టైమ్ బేస్ కరెక్టర్, క్లుప్తంగా టీబీసీ. ఇది రెండు రకాలు. లైన్ టీబీసీ ఒక్కో గీతను సరిచేస్తుంది. నిలువు తలుపులు, స్తంభాలు వణకకుండా నిలబడతాయి. ఫ్రేమ్ టీబీసీ క్యాప్చర్ పరికరానికి ఎడతెగకుండా, సమానమైన వేగంతో ఫ్రేములు అందిస్తుంది. మనకు కావలసింది ప్రధానంగా ఈ రెండోదే. పాత టేపులో సింక్ సంకేతం (ఫ్రేమ్ ఎక్కడ మొదలవుతుందో చెప్పేది) బలహీనపడిన చోట క్యాప్చర్ పరికరం "ఇక్కడ ఫ్రేమే లేదు" అనుకుని దాన్ని వదిలేస్తుంది, ధ్వని మాత్రం ఆగకుండా నడుస్తుంది. నిమిషానికి ఒక్క ఫ్రేమ్ పోయినా, 90 నిమిషాల సినిమా ముగిసేసరికి పాల్ పద్ధతిలో (మన దేశంలో వాడిన, సెకనుకు 25 ఫ్రేముల టీవీ పద్ధతి) 90 ఫ్రేములు, అంటే 3.6 సెకన్ల తేడా. విడి టీబీసీ ఖరీదైనదే. కొన్ని డీవీడీ రికార్డర్లు వాటి గుండా సిగ్నల్ పంపితే ఇంచుమించు ఇదే పని చేస్తాయి. అన్నీ చేయవు, కాబట్టి ప్రయోగించి చూడాలి.

క్యాప్చర్

సెట్టింగులు ఇవి: పాల్ టేపుకు 720×576, సెకనుకు 25 ఫ్రేములు, ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్ టీవీ పద్ధతి) టేపుకు 720×480, సెకనుకు 29.97. రంగు 4:2:2. ధ్వని 48 కిలోహెర్ట్జ్, కుదింపు లేని పీసీఎం. కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) హఫ్‌వైయూవీ లాంటి లాస్‌లెస్, అంటే ఏమీ కోల్పోకుండా కుదించే రకం. అసలు కుదింపే లేకపోతే గంటకు దాదాపు 75 జీబీ అవుతుంది, లాస్‌లెస్ కోడెక్‌తో అందులో సగం లోపే. ధ్వనిని కూడా అదే క్యాప్చర్ పరికరం గుండా తీసుకోండి. వేరే సౌండ్‌కార్డుకు ఇస్తే రెండు గడియారాలు రెండు వేగాలతో నడుస్తాయి.

డీఇంటర్‌లేస్ అనే ఆప్షన్ కనిపిస్తే ఆపేయండి. ఫీల్డులు, అంటే ఒక్కో ఫ్రేమ్‌లో విడివిడిగా వచ్చే సరి, బేసి గీతల సగాలు, ఉన్నవి ఉన్నట్టే రావాలి; డీఇంటర్‌లేస్ వాటిని కలిపేస్తుంది.

మొదటి పది నిమిషాలు హిస్టోగ్రామ్ (బొమ్మలో నలుపు నుంచి తెలుపు దాకా వెలుగును 0 నుంచి 255 వరకు చూపే పటం) చూస్తూ కూర్చోండి. తెలుపు 235 దాటి 255 దగ్గర గోడకు కొట్టుకున్నట్టు పేరుకుంటే బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ క్యాప్చర్‌లోనే తగ్గించాలి. పోయిన తెలుపును తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. తెల్ల చొక్కా మడతలు కనిపిస్తున్నాయా లేదా అన్నది మంచి కొలత. ధ్వని శిఖరం మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఉంచండి. హాస్యచిత్రాల్లో గుసగుస పక్కనే కేక ఉంటుంది కాబట్టి ఆ ఖాళీ అవసరం. హైఫై ట్రాకులో (వీహెచ్ఎస్‌లోని మెరుగైన ధ్వని ట్రాకు) బుర్రుమనే శబ్దం వస్తే ముందు ట్రాకింగ్ (హెడ్లు టేపు మీది గీతలను అనుసరించే అమరిక) సరిచేయండి, అప్పటికీ పోకపోతే నార్మల్ ఆడియో ట్రాకుకు మార్చండి.

బొమ్మ అడుగున కొన్ని గీతలు చెదిరి కనిపిస్తాయి. అది హెడ్ మారే చోటు, ప్రతి వీహెచ్ఎస్‌లోనూ ఉంటుంది. మాస్టర్‌లో, అంటే మార్పులు చేయకుండా దాచే మూల ఫైలులో, దాన్ని కత్తిరించకండి.

క్యాప్చర్ నడుస్తున్నంతసేపూ ఫ్రేములు వదిలిన లెక్క, చొప్పించిన లెక్క రెండూ కనపడాలి. అవి పెరుగుతుంటే ముందు కంప్యూటర్‌ను అనుమానించండి: యాంటీవైరస్ స్కాన్, నిద్రావస్థ సెట్టింగ్, వేరే పరికరాలతో పంచుకున్న యూఎస్‌బీ హబ్, నిండిపోయిన డిస్క్. అవన్నీ సరిగా ఉండి, ప్రతిసారీ టేపులో అదే చోట లెక్క పెరుగుతుంటే తప్పు టేపుది.

సింక్ పరీక్ష

లెక్క సున్నా చూపించినా నమ్మి ఊరుకోవద్దు. హాస్యచిత్రంలో ఉన్న సౌకర్యం ఏమిటంటే, సింక్ (బొమ్మ, ధ్వని కలిసి నడవడం) పరీక్షకు కావలసిన చప్పుళ్లు దానిలోనే దండిగా ఉంటాయి: చెంపదెబ్బ, తలుపు మూసుకోవడం, పళ్లెం పడటం. మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర్లో ఒకటి ఎంచుకోండి. ఒక్కోదానిలో చెయ్యి తాకిన ఫ్రేమ్ నంబరు, వేవ్‌ఫామ్‌లో (ధ్వని ఎత్తుపల్లాల గీత) చప్పుడు లేచిన ఫ్రేమ్ నంబరు రాసుకుని తేడా తీయండి. పాల్‌లో ఒక ఫ్రేమ్ అంటే 40 మిల్లీసెకన్లు.

ధ్వని మూడు చోట్లా 2 ఫ్రేములు ఆలస్యమైతే అది స్థిరమైన తేడా, ఆడియోను 80 మిల్లీసెకన్లు ముందుగా వినిపించేలా జరిపితే చాలు. వరసగా 2, 6, 10 వస్తే రెండు గడియారాల తగాదా, ఆడియో నిడివిని ఆ మేరకు సర్దాలి. 2, 2, 9 వస్తే మధ్యకూ చివరకూ నడుమ ఎక్కడో 7 ఫ్రేములు ఒక్కసారిగా పోయాయి. ఆ భాగాన్ని సగం సగం చేసుకుంటూ కొత్త చప్పుళ్లు వెతికితే చోటు దొరుకుతుంది. అక్కడ ఆడియో కోసి అతికించడం తప్పుడు వైద్యం. పోయిన 7 ఫ్రేముల్లో నటుడి ముఖం ఉంది, ఆ భాగాన్ని మళ్లీ క్యాప్చర్ చేయాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పాత సినిమాల్లో చప్పుళ్లు తర్వాత స్టూడియోలో కలిపినవి కావచ్చు, అసలు ప్రింటులోనే ఒక ఫ్రేమ్ అటూఇటూ ఉండవచ్చు. ఏ ఒక్క చప్పుడు మీదా తీర్పు ఇవ్వకుండా, తేడా ఎలా మారుతోందన్నది చూడండి.

అసలు వేగం

ధ్వని ఉన్న సినిమా సెకనుకు 24 ఫ్రేములతో తీసింది. పాల్ టేపుకు ఎక్కించేటప్పుడు చాలావరకు దాన్నే 25తో నడిపించేవారు. దాంతో 100 నిమిషాల సినిమా 96 నిమిషాలవుతుంది, గొంతులు అరస్వరంలో సుమారు 70 శాతం మేర పైకి లేస్తాయి. నెమ్మదిగా సాగదీసి మాట్లాడే నటుడు తొందరపడుతున్నట్టు ఉంటాడు. ఆయన నవ్వించే పద్ధతే మారిపోతుంది.

ఇది తేల్చడానికి పాత రికార్డుల్లోని ఫిల్ము పొడవు ఉపయోగపడుతుంది. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. రికార్డులో 8,100 అడుగులని ఉంటే అసలు నిడివి 90 నిమిషాలు, పాల్ టేపులో 86 నిమిషాల 24 సెకన్లు ఉండాలి. మీ టేపు సరిగ్గా 84 నిమిషాలే ఉంటే వేగం పెరగడంతో పాటు కత్తెర కూడా పడిందన్నమాట: అసలు వేగంలో రెండున్నర నిమిషాలు, అంటే 225 అడుగులు కనిపించడం లేదు. ఈ లెక్కను ఫైలుతో పాటు రాసి ఉంచండి. రేపు ఎవరికైనా మరో ప్రతి దొరికితే ఏం వెతకాలో వాళ్లకు తెలుస్తుంది.

వేగం పెరిగిందని రూఢి అయ్యాక, చూసే ప్రతిలో మాత్రం ఫ్రేములను ముట్టుకోకుండా రేటును 24కి మార్చండి. ఆడియోను అదే నిష్పత్తిలో, శ్రుతి కూడా దిగేలా నెమ్మది చేయండి. శ్రుతిని అలాగే ఉంచి సాగదీసే ఫిల్టరు వాడితే గొంతు పైనే ఉండిపోతుంది. ఎన్‌టీఎస్‌సీ టేపులో పద్ధతి వేరు. అక్కడ 4 ఫిల్ము ఫ్రేములను 5 వీడియో ఫ్రేముల్లోకి పరుస్తారు, ప్రతి అయిదింటిలో రెండు దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. వాటికి డీఇంటర్‌లేస్ మందు కాదు. ఇన్వర్స్ టెలిసినీ (ఆ పరచడాన్ని వెనక్కి తిప్పి అసలు ఫ్రేములను తేవడం) చేసి 23.976కి తేవాలి.

మాస్టర్ ఫైలు, చూసే ఫైలు

మాస్టర్‌ను ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్‌తో, ఎఫ్ఎఫ్‌వీ1 అనే లాస్‌లెస్ కోడెక్ మూడో వెర్షన్‌లోకి, ఎంకేవీ పెట్టెలోకి మార్చండి. కీఫ్రేమ్ అంతరం 1 (ప్రతి ఫ్రేమూ సొంతంగా నిలబడేలా), స్లైస్ సీఆర్‌సీ (లోపాన్ని పట్టే తనిఖీ సంఖ్య) ఆన్. దీంతో ఫైలు ఒక చోట పాడైతే ఏ ఫ్రేమ్ పాడయిందో తెలుస్తుంది, మిగతావి బతుకుతాయి. ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో తేల్చే సంఖ్య) తీసి విడి టెక్స్ట్ ఫైలులో దాచండి. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊళ్లో. ఏటా ఒకసారి చెక్‌సమ్ సరిచూడాలి.

చూసే ప్రతికి హెచ్.264 చాలు, సీఆర్ఎఫ్ (నాణ్యత అంకె, తగ్గేకొద్దీ మెరుగు) 16 నుంచి 18 మధ్య. బొమ్మ 4:3గా కనబడుతోందో లేదో చూసుకోండి, గుండ్రటి పళ్లెం గుండ్రంగానే ఉండాలి. నాయిస్ తగ్గించే ఫిల్టరును బాగా తగ్గించి వాడండి. ముందు వెనక ఫ్రేములను పోల్చి పనిచేసే ఫిల్టర్లు గాల్లో ఎగిరిన బఠానీని, ముక్కు చుట్టూ తిరిగే ఈగను కూడా నాయిస్ అనుకుని తుడిచేస్తాయి. కనుబొమ్మ చిన్న కదలిక కూడా అలాగే చదునవుతుంది. ఏఐతో పెద్దది చేసిన ముఖాల్లో లేని ముడతలు పుడతాయి. అలాంటి ప్రతి చేస్తే ఫైలు పేరులోనే ఆ సంగతి రాయండి, మాస్టర్ జోలికి మాత్రం వెళ్లకండి.

అభ్యాసం

సినిమాలోంచి ఒక చెంపదెబ్బ ఉన్న 5 నిమిషాల ముక్కను రెండుసార్లు క్యాప్చర్ చేయండి. రెంటిలోనూ మొత్తం ఫ్రేముల సంఖ్య, మొదటి కట్ నుంచి చివరి కట్ దాకా ఉన్న ఫ్రేముల సంఖ్య, దెబ్బ దగ్గర ధ్వని తేడా పోల్చండి. మొత్తం సంఖ్య మారడం సహజం, ఎందుకంటే మీరు బటన్ నొక్కిన క్షణం మారుతుంది. కట్‌ల మధ్య సంఖ్య మారితే మాత్రం పూర్తి సినిమా మొదలుపెట్టకుండా టీబీసీ దగ్గరికి వెనక్కి వెళ్లండి. 4వ పాఠంలో సబ్‌టైటిల్స్, హక్కుల విచారణ చూద్దాం. దానికి ఈ 5 నిమిషాల ముక్కే వాడతాం కాబట్టి చెరిపేయకండి.