నాలుగు తీగవాద్యాలతో జాజ్ మొదలెట్టాలంటే

కోనసీమలో వయొలిన్ నేర్చుకున్నవాళ్లు బాగానే దొరుకుతారు, చెల్లో (కూర్చుని ముందు నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటిది) వాయించేవాళ్లే కష్టం, కాబట్టి ముందు ఆ మనిషిని పట్టుకోండి. కావాల్సినవి రెండు వయొలిన్లు, ఒక వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది), ఒక చెల్లో. మన స-ప-స-ప శ్రుతి కాకుండా వయొలిన్లని పాశ్చాత్య పద్ధతిలో జి-డి-ఎ-ఇ స్వరాలకి కట్టుకోండి.

డ్రమ్స్ ఉండవు కదా, ఆ పని కూడా తీగలే చెయ్యాలి: చెల్లో విల్లు పక్కన పెట్టి వేళ్లతో మీటుతూ బేస్ (అడుగున నడిచే మంద్ర స్వరాలు) నడుపుతుంది, వయోలా విల్లు మొదలుతో (చేత్తో పట్టుకునే చివరతో) తీగల మీద టక్కుమని కొట్టి లయ ఇస్తుంది. దీన్ని చాప్ అంటారు. 1985లో డేవిడ్ బాలకృష్ణన్ మొదలుపెట్టిన టర్టిల్ ఐలాండ్ క్వార్టెట్ అనే జాజ్ తీగవాద్య బృందాన్ని వినండి, అర్థమైపోతుంది.

మొదట 12 బార్ల బ్లూస్ చాలు: బార్ అంటే నాలుగు దెబ్బల ఆవర్తం లాంటిది, 12 బార్లయ్యాక మళ్లీ మొదటికి వస్తారు. స కార్డ్ (స మీద కట్టిన, ఒకేసారి మోగే స్వరాల గుంపు) నాలుగు బార్లు, మ రెండు, మళ్లీ స రెండు, తర్వాత ప ఒకటి, మ ఒకటి, చివర స రెండు. కల్పనస్వరాలు బాగా వేసేవాళ్లు కూడా ఇక్కడే తడబడతారు, ఎందుకంటే అక్కడ రాగం నిలకడగా ఉంటుంది, ఇక్కడ కార్డ్ మారినప్పుడల్లా ఆగాల్సిన స్వరం మారిపోతుంది. ప్రతి కార్డ్‌లో దాని మొదటి స్వరం నుంచి లెక్కపెడితే వచ్చే మూడో స్వరం, ఏడో స్వరం వేళ్లకి అలవాటయ్యేదాకా సోలో (ఒక్కరే అప్పటికప్పుడు కల్పించి వాయించడం) జోలికి వెళ్లొద్దు. సోలో ముగించేవాళ్లు పక్కవాళ్లకి కళ్లతో సైగ చేస్తే చాలు.

వానాకాలం తేమకి శ్రుతి చేసే బిరడలు బిగుసుకుంటాయి, బలవంతంగా తిప్పకండి.