మంచి ముక్కలు పడేసినవాడికి న్యాయం చేయడం ఎలా

పెద్ద పందేల పోకర్‌ను టీవీలో చూసేవాళ్లలో చాలామంది ఆటగాడికి అన్యాయం చేస్తారు. కావాలని కాదు. బల్ల దగ్గర కూర్చున్నవాడికి తన రెండు ముక్కలు మాత్రమే తెలుసు. మనకు అందరి ముక్కలూ తెర మీద కనిపిస్తాయి, ఎవరు గెలిచే అవకాశం ఎంత శాతమో కూడా పక్కనే వేసి చూపిస్తారు. అన్నీ చూస్తూ, ఏమీ చూడలేనివాడిని పిరికివాడని తీర్పు చెప్పేస్తాం. నల్గొండలో ఏళ్ల తరబడి ఇంటర్ విద్యార్థులకు సంభావ్యత పాఠం చెప్పినవాడిగా ఈ తీర్పులు నాకు మింగుడుపడవు. తెలిసిన సమాచారంతో తీసుకున్న నిర్ణయాన్ని తెలియని సమాచారంతో కొలవకూడదు. ఎలా కొలవాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మన రాష్ట్రంలో డబ్బు పెట్టి పేకాట ఆడటం చట్టవిరుద్ధం. 2017లో చేసిన సవరణతో ఆన్‌లైన్ ఆట కూడా దాని కిందికే వచ్చింది. 2025లో కేంద్రం తెచ్చిన చట్టం దేశమంతటా ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించింది. కాబట్టి ఇది ఆడటం నేర్పే వ్యాసం కాదు, చూసి తూచడం నేర్పేది. చూడటంలో ఉన్న ఆనందం తక్కువేమీ కాదు.

ఆట తెలియనివారికి క్లుప్తంగా: టెక్సస్ హోల్డెమ్‌లో ప్రతి ఒక్కరికీ రెండేసి ముక్కలు మూసి ఇస్తారు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా మొదట మూడు తెరుస్తారు, దాన్ని ఫ్లాప్ అంటారు. తర్వాత ఒకటి, అది టర్న్. చివరగా మరొకటి, అది రివర్. ప్రతి దశలోనూ పందెం ఉంటుంది. ఎదుటివాడి పందేనికి సరిపడా పెడితే కాల్, ముక్కలు పడేస్తే ఫోల్డ్. మధ్యలో పోగయ్యే సొమ్ము పాట్. టోర్నమెంటులో చిప్స్ అంటే పాయింట్ల లాంటివి. క్యాష్ గేమ్‌లో మాత్రం ప్రతి చిప్పూ నిజమైన డబ్బే. 2006లో అమెరికాలో మొదలైన ‘హై స్టేక్స్ పోకర్’ కార్యక్రమంలో మొదట్లో బల్ల దగ్గర కూర్చోవాలంటేనే కనీసం లక్ష డాలర్లు పెట్టాల్సి ఉండేది.

మొదటి పని తెర కప్పడం. పాత క్యాలెండర్ అట్టను టీవీ అడుగు వెడల్పున కత్తిరించి పెట్టుకోండి. కార్యక్రమాన్ని బట్టి ముక్కల బొమ్మలు ఎడమ పక్కనో కింది వరుసలోనో వస్తాయి. ఏ ఆటగాడి నిర్ణయాన్ని తూచబోతున్నారో అతని ముక్కలు మాత్రమే కనిపించేలా అట్టను జరపండి. శాతాల అంకెలు తప్పనిసరిగా మూసేయండి, ఎందుకంటే అవి అందరి ముక్కలూ తెలిసిన కంప్యూటరు వేసినవి. బల్ల దగ్గర ఆ అంకె ఎవరి దగ్గరా ఉండదు. ఇంకా మంచి పద్ధతి కావాలంటే ఇంకొకరి సాయం తీసుకోండి. మిర్యాలగూడలో రైస్ మిల్లు లెక్కలు చూసే మా మేనల్లుడు ఆదివారం వచ్చినప్పుడు వీడియో ముందు తాను చూస్తాడు. నాకు ఒక్కరి ముక్కలే చెప్పి, ఎవరు ఎప్పుడు ఎంత పెట్టారో వరుసగా చదువుతాడు. నేను నోటుబుక్కులో రాసుకుంటాను. నిర్ణయం దగ్గరికి రాగానే ఆపేస్తాడు.

రెండోది ధర. ఎంత పెడితే ఎంత వస్తుందన్నది తేలకుండా ధైర్యం, పిరికితనం అనే మాటలు ఎత్తకండి. లెక్క చాలా తేలిక: తాను పెట్టాల్సిన సొమ్మును, అది పెట్టాక మొత్తం పాట్ ఎంతవుతుందో దానితో భాగించాలి. పాట్‌లో 100 ఉంది, ఎదుటివాడు 50 పెట్టాడు. ఇతను 50 పెడితే మొత్తం 200, అంటే నాలుగింట ఒకసారి గెలిచినా నష్టం లేదు, 25 శాతం చాలు. ఎదుటివాడు పాట్ అంత పెడితే 33 శాతం, పాట్‌కు రెండింతలు పెడితే 40 శాతం కావాలి. ఈ మూడు అంకెలు నోటికి వస్తే చాలా చేతులకు (ముక్కలు పంచిన ఒక్కో ఆటను చేయి అంటారు) సరిపోతుంది.

ఇదే లెక్కను అవతలి వైపు నుంచి కూడా చూడాలి. పాట్ అంత పందెం పెట్టి బ్లఫ్ చేసేవాడికి, అంటే మంచి ముక్కలు లేకుండానే బెదిరించేవాడికి, రెండుసార్లలో ఒకసారి ఎదుటివాడు ముక్కలు పడేస్తే పెట్టుబడి తిరిగివచ్చేస్తుంది. అంతకన్నా ఎక్కువసార్లు పడేస్తుంటే, చేతిలో ఏమీ లేకపోయినా లాభమే. అందుకే ఒక్క ఫోల్డ్ చూసి మెచ్చుకోవడం గాని తిట్టడం గాని తొందరపాటు. ఇలాంటి చోట అతనికి రాగల ముక్కలన్నింటిలో ఇవి పైవరుసలో ఉన్నాయా, అడుగున ఉన్నాయా అని అడగాలి. అడుగు ముక్కలు పడేయడంలో తప్పులేదు. పైవరుసవి పడేస్తే మాత్రం, మిగతావన్నీ కూడా పడేస్తాడన్నమాటే.

మూడోది, అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది, లెక్కింపు. దీన్ని ఒక చేతి మీదే నిదానంగా చూపిస్తాను. హై స్టేక్స్ పోకర్ అయిదో సీజన్‌లోది, 2009లో ప్రసారమైంది. బారీ గ్రీన్‌స్టీన్ చేతిలో రెండు ఆసులు. 2,500 డాలర్లకు పెంచాడు. అతని పక్కనే ఉన్న టామ్ డ్వాన్ రాణి-పదితో కాల్ చేశాడు. అది చూసి మిగతావాళ్లూ చేరారు, బల్ల మీద ఉన్న ఎనిమిది మందీ ఆటలోనే ఉన్నారు. వాళ్లలో 2008 ప్రపంచ విజేత పీటర్ ఈస్ట్‌గేట్ నాలుగు-రెండుతో ఉన్నాడు. ఫ్లాప్ పది, రెండు, రెండు. గ్రీన్‌స్టీన్ 10,000 పెట్టాడు, డ్వాన్ దాన్ని 37,300 చేశాడు, ఈస్ట్‌గేట్ కాల్, గ్రీన్‌స్టీన్ కాల్. టర్న్ ఏడు. ఈస్ట్‌గేట్, గ్రీన్‌స్టీన్ ఇద్దరూ చెక్ చేశారు, అంటే పందెం పెట్టకుండా వదిలారు. డ్వాన్ 1,04,200 పెట్టాడు. మూడు రెండ్లు ఉన్న ఈస్ట్‌గేట్ పడేశాడు, ఆ వెంటనే ఆసుల జత ఉన్న గ్రీన్‌స్టీన్ కూడా పడేశాడు. ముగ్గురిలో అందరికన్నా బలహీనమైన చేయి పాట్ తీసుకుపోయింది. ముగ్గురి ముక్కలూ, బల్ల మీది నాలుగూ తీసేస్తే మిగిలేవి 42. వాటిలో డ్వాన్‌ను గెలిపించేవి రెండు పదులు మాత్రమే.

ఇది చూడగానే మా మేనల్లుడు, “మామా, మూడు రెండ్లు పెట్టుకుని పడేయడం ఏమిటి?” అన్నాడు. అతని కోపం ఆ 42లో రెండు అనే అంకెది. ఆ అంకె ఈస్ట్‌గేట్‌కు తెలియదు కదా. అతని కుర్చీలో కూర్చుని లెక్కపెడదాం.

ధర ముందు. టర్న్ నాటికి పాట్ దాదాపు 1,33,000. డ్వాన్ పందెం కలిపితే 2,37,000 పైన. కాల్ చేస్తే మొత్తం 3,41,000 దాకా. అంటే 30 శాతానికి కాస్త పైన గెలిచే అవకాశం కావాలి.

ఇప్పుడు డ్వాన్ చేతిలో ఏముంటే ఈస్ట్‌గేట్ ఓడిపోతాడు? పదుల జత ఉంటే ఫుల్‌హౌస్, అంటే ఒకే అంకెవి మూడు, మరో అంకెవి రెండు. ఒక పది బల్ల మీద ఉంది, మిగిలినవి మూడు, వాటిలోంచి రెండు తీసుకునే విధాలు మూడు. ఏడుల జతకూ ఇదే లెక్క, మరో మూడు. ఇక రెండు ఉన్న చేతులు. నాలుగు రెండ్లలో రెండు బల్ల మీద, ఒకటి ఈస్ట్‌గేట్ చేతిలోనే ఉంది. మిగిలింది ఒక్కటే! మొదట్లో పెంచినవాడి పక్కన కూర్చుని రెండుతో కాల్ చేయాలంటే అది ఆసు-రెండు ఒకే రంగులో అయి ఉండాలి, అంటే ఒకే ఒక్క విధం. మొత్తం ఏడు. ఈస్ట్‌గేట్ చేతిలోని ఆ రెండే ఎదుటివాడి దగ్గర రెండు లేకుండా అడ్డుపడుతోంది. పోకర్‌లో దీన్ని బ్లాకర్ అంటారు. టీవీ చూసేవాళ్లు ఎప్పుడూ మరిచిపోయేది దీన్నే.

ఈస్ట్‌గేట్ ఓడించగలిగినవి? ఆసు-పది, రాజు-పది, రాణి-పది, జాకీ-పది ఒకే రంగులో, ఒక్కొక్కటి మూడేసి చొప్పున 12. జాకీల జత, రాణుల జత ఆరేసి చొప్పున మరో 12. మొత్తం 24. అయితే ఇవన్నీ టర్న్‌లో లక్ష డాలర్లు పెట్టవు. ఇద్దరు కాల్ చేశాక మామూలు ఆటగాడు ఇక్కడ ఆగిపోతాడు. కాని ఆ 24లో నాలుగింటితో డ్వాన్ పందెం పెడతాడనుకున్నా, ఏడుకు నాలుగు, మొత్తం పదకొండులో నాలుగు, 36 శాతం. కావాల్సిన ధరకన్నా ఎక్కువే. డ్వాన్ ఆ రోజుల్లోనే ఇలాంటి దూకుడుకు పేరుపడ్డవాడు. అందుకే ఈ కాగితం లెక్క ఈస్ట్‌గేట్‌కు కాల్ వైపే మొగ్గుతుంది.

కాని కాగితం మీద పట్టనివి రెండున్నాయి. ఒకటి, అతని తర్వాత గ్రీన్‌స్టీన్ ఇంకా మాట్లాడాలి. ఆ పెద్దమనిషి చేతిలోనూ పదుల జత ఉండవచ్చు. రెండోది రివర్. టర్న్‌లో కాల్ అంటే 1,04,200తో అయిపోయేది కాదు, రేపు అంతకు మించిన పందెం వస్తుంది. పదమూడు ముక్కల రమ్మీలో మొదటే డ్రాప్ అయితే 20, మధ్యలో అయితే 40, చివరిదాకా కూర్చుంటే 80 దాకా పడతాయి కదా, మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలిసిన ఆ హిసాబే ఇక్కడా ఉంది. ఈ రెండూ కలుపుకుంటే ఈస్ట్‌గేట్ ఫోల్డ్‌ను నేను గొప్పదనను, పిరికిదీ అనను. లెక్కకు అటు ఇటుగా ఉన్న నిర్ణయం అంటాను.

గ్రీన్‌స్టీన్ మాట వేరు. డ్వాన్ విషయంలో ఆసుల జత, మూడు రెండ్లు దాదాపు ఒకే బలం: రెండూ చేతిలో ఒక్క పది ఉన్నవాడిని ఓడిస్తాయి, రెండూ ఫుల్‌హౌస్‌కు ఓడతాయి. తేడా ఆ ఒక్క ముక్కలో ఉంది. గ్రీన్‌స్టీన్ చేతిలో రెండు లేదు కాబట్టి డ్వాన్ దగ్గర రెండు ఉండే అవకాశాన్ని అతను కొట్టిపారేయలేడు. పైగా అతని ఆసులు, తాను ఓడించగల ఆసు-పదినే తగ్గిస్తున్నాయి. అతని ఫోల్డ్ నా దృష్టిలో శుభ్రమైనది. ఆసులు పడేశాడని నవ్వినవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

నాలుగోది బల్ల పరిస్థితి. ఇది త్వరగా చెప్పేస్తాను. కొన్ని కార్యక్రమాల్లో ఏడు-రెండుతో గెలిచినవాడికి అందరూ విడిగా డబ్బు ఇవ్వాలన్న పందెం పెట్టుకుంటారు. అది నడుస్తుంటే బ్లఫ్‌లు పెరుగుతాయి, ఫోల్డ్ ఖరీదవుతుంది. ఎవరి ముందు ఎంత సొమ్ము ఉందో చూడండి. ఎడిట్ చేసిన కార్యక్రమం అయితే ఆలోచించిన నిమిషాలనూ, అంతకుముందు ఆ ఇద్దరి మధ్య జరిగిన చిన్న చేతులనూ కత్తిరించి ఉంటారు. గంటల తరబడి సాగే ప్రసారంలో అవి దొరుకుతాయి కాబట్టి ఫోల్డ్‌లను తూచడానికి నాకు అదే నచ్చుతుంది.

పడేయకపోవడాన్ని కూడా ఇదే పద్ధతిలో తూచాలి. 2006లో డేనియల్ నెగ్రాను ఆరుల జతతో, బల్ల మీద తొమ్మిది, ఆరు, అయిదు, అయిదు, ఎనిమిది ఉండగా గస్ హాన్సెన్‌కు కాల్ చేసి ఓడాడు. పాట్ 5,75,700 డాలర్లు. హాన్సెన్ చేతిలో రెండు అయిదులు, బల్ల మీదివి కలిపి మొత్తం నాలుగు. ‘ఎందుకు పడేయలేదు?’ అని అడిగేవారు ఈ లెక్క చూడాలి. అతన్ని ఓడించేవి తొమ్మిదుల జత మూడు విధాలు, ఎనిమిదుల జత మూడు, అయిదుల జత ఒక్కటే ఒకటి. అతను ఓడించేవి చూస్తే, తొమ్మిది-అయిదు ఆరు, ఎనిమిది-అయిదు ఆరు, ఆసు-అయిదు ఎనిమిది, ఆ పైన ఏడు ముక్కతో కుదిరే అయిదు నుంచి తొమ్మిది దాకా వరుసలు. ఓడించే ఏడు విధాలకు ఎదురుగా ఇరవై పైన! అక్కడ పడేయాల్సిన అవసరమే లేదు. డబ్బు పోయింది, నిర్ణయం పోలేదు. అలాగే 2023లో లాస్ ఏంజెలెస్ ప్రసారంలో డ్వాన్ రాణుల జతతో కాల్ చేసి 30 లక్షల డాలర్లు దాటిన పాట్ గెలిచాడు. ఎదుటివాడి చేతిలో ఆసు-రాజు మాత్రమే ఉంది. గెలిచాడు కాబట్టి కాల్ ఒప్పు అని రాసుకోకండి. అట్ట తీయకముందు మీ లెక్క ఎంత వచ్చిందో అదే రాసుకోండి.

కొత్తగా మొదలుపెట్టేవారు ఇద్దరే మిగిలిన రివర్ చేతులతో ప్రారంభించండి. తర్వాత రాబోయే పందెం గొడవ ఉండదు కాబట్టి ధరా లెక్కింపూ రెండూ తేటగా వస్తాయి. నోటుబుక్కులో ఒక్కో చేతికి ఒక పేజీ సరిపోతుంది: పాట్, పందెం, కావాల్సిన శాతం, ఓడించేవి ఎన్ని, ఓడేవి ఎన్ని, మీ తీర్పు. టర్న్ చేతులకు ఆ తర్వాత రండి. ముగ్గురు, నలుగురు ఉన్నవి చివరికి ఉంచుకోండి. ఈస్ట్‌గేట్ చేయి ఆ చివరి తరగతిదే. మా మేనల్లుడు ఆ 24లో ఆరింటితో డ్వాన్ పందెం పెడతాడంటాడు, నేను నాలుగంటాను, ఆ పేజీలో రెండు తీర్పులూ పక్కపక్కనే ఉన్నాయి.