ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని నివేదికలో ఏం చూడాలి, ప్రజాభిప్రాయ సేకరణలో ఏం అడగాలి?

విజయవాడలో స్థిరపడినా సత్తుపల్లి వైపు పొలమో, పెద్దల నాటి ఇల్లో ఉన్నవారి కోసం ఇది రాస్తున్నాను. సత్తుపల్లి దగ్గర సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులు, అంటే పైనుంచి నేలను తవ్వుకుంటూ పోయే గనులు ఉన్నాయి. ఇలాంటి చోట కొత్త గనికో విస్తరణకో ప్రజాభిప్రాయ సేకరణ ప్రకటన వెలువడితే, విజయవాడలోని ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయానికి వెళ్లి ప్రయోజనం లేదు. సత్తుపల్లి ఖమ్మం జిల్లాలోది కాబట్టి అర్జీ తెలంగాణ మండలికి, ఖమ్మం కలెక్టరుకు చేరాలి.

2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. ముసాయిదా నివేదికను కలెక్టరేట్, జిల్లా పరిషత్, జిల్లా పరిశ్రమల కేంద్రం వంటి చోట్ల అందుబాటులో ఉంచాలి. తెలుగులో దొరికేది సారాంశం మాత్రమే. అసలు లెక్కలు, పటాలు, గని మూసివేత ప్రణాళిక ఇంగ్లీషు నివేదికలో ఉంటాయి కనుక, ఇంగ్లీషు చదవగలిగే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకునైనా దానినే చూడాలి.

అందులో మొదట వెతకవలసినది భూవినియోగ పట్టిక. తవ్వకానికి ముందు, తవ్వుతున్నప్పుడు, మూసివేసిన తరువాత ఏ భూమి ఎన్ని హెక్టార్లో అందులో ఉంటుంది. ‘వ్యవసాయ భూమి’ అన్న వరుస మొదట ఎంత ఉంది, చివరికి ఎంత మిగిలింది అన్నది గీత గీసి పెట్టుకోండి. చాలాసార్లు పునరుద్ధరణ ఖాతాలో పెద్ద అంకె కనిపిస్తుంది గానీ, బయటి ఓబీ (బొగ్గు కోసం పైనుంచి తవ్వి తీసిన మట్టి, రాయి) గుట్ట మీద నాటిన చెట్లు కూడా అందులోనే కలిసి ఉంటాయి. గుట్ట మీది తోట మంచిదే, అయితే అది రైతుకు తిరిగి వచ్చిన చేను కాదు.

గని మొదలైన తొలి ఏళ్లలో తీసిన ఓబీ పోయడానికి లోపల చోటుండదు గనుక బయట గుట్టగా పోస్తారు. బొగ్గు తీసిన జాగా ఏర్పడిన తరువాత లోపలే పోయాలి. కాబట్టి లోపల పోయడం ఏ సంవత్సరం నుంచి మొదలవుతుంది, బయటి గుట్టలో ఎంత భాగాన్ని తిరిగి గోతిలోకి తెస్తారు, ఆఖరున మిగిలే గొయ్యి ఎంత వైశాల్యం, ఎంత లోతు అని సూటిగా అడగాలి. ఆ గొయ్యిని జలాశయంగా చూపిస్తే నీరు ఎక్కడి నుంచి వస్తుందో, నాణ్యతను ఎవరు పరీక్షిస్తారో, పశువులు దిగడానికి ఒడ్డు వాలుగా ఉంటుందో లేదో అడగాలి. థర్మల్ కేంద్రాల బూడిదతో నింపుతామంటే, ఇబ్రహీంపట్నం పరిసరాల్లో ఉండేవారికి ఆ బూడిద సంగతి చెప్పనక్కరలేదు గానీ, భూగర్భ జలాల మీద దాని ప్రభావం నివేదికలో ఉందో లేదో చూడండి.

నా దృష్టిలో చెట్ల సంఖ్య కంటే పైమట్టి లెక్క ముఖ్యం. ఉదాహరణకు 400 హెక్టార్లలో 30 సెంటీమీటర్ల మందాన పైమట్టి తీస్తే అది 12 లక్షల ఘనపు మీటర్లవుతుంది. నివేదికలో అంతకంటే బాగా తక్కువ చూపితే మిగిలినది ఓబీతో కలిసిపోతుందన్న మాట. అలా కలిసిన నల్లరేగడిని మళ్లీ వేరు చేయడం అసాధ్యం. పైమట్టిని విడిగా ఎక్కడ నిల్వ చేస్తారు, ఎంతకాలంలో తిరిగి పరుస్తారు అన్నవి కూడా అడగండి. ఏళ్ల తరబడి ఎత్తుగా పోసి ఉంచిన మట్టిలో జీవం తగ్గిపోతుంది. హెక్టారుకు సుమారు 2,500 మొక్కలు, గుట్ట మొత్తం వాలు 28 డిగ్రీలకు మించకపోవడం అనుమతి పత్రాల్లో తరచుగా కనిపించే షరతులు. గుట్ట అడుగున గోడ, చుట్టూ కాలువ, వాన నీటిలోని ఒండ్రు దిగేందుకు చెరువు పటంలో గుర్తించి ఉండాలి.

గాలి, నీటి కొలతలను సాధారణంగా వానాకాలం కాని ఒక్క సీజన్‌లోనే తీసుకుంటారు. అందుచేత వానల్లో వాగు పారే తీరును మీరే తేదీతో ఫొటో తీసి, వేసవిలోనూ వానల తరువాతనూ బావి నీటిమట్టం రాసి ఉంచుకుంటే, ఆ కాగితం సభలో పనికొస్తుంది. ఇంటి గోడల్లో ఇప్పటికే ఉన్న పగుళ్లను కూడా ఇలాగే నమోదు చేయండి. బ్లాస్టింగ్ మొదలయ్యాక ఏది పాతదో ఏది కొత్తదో తేలాలంటే అదే ఆధారం.

డబ్బు సంగతి కూడా అడగాలి. మూసివేత ఖర్చును ఏటా ఎస్క్రో ఖాతాలో (ఆ పనికి తప్ప వాడుకోవడానికి వీల్లేని బ్యాంకు ఖాతాలో) జమ చేయాలని కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ 2009లో మార్గదర్శకాలిచ్చింది. అప్పటి రేటు ఓపెన్‌కాస్ట్‌కు హెక్టారుకు 6 లక్షల రూపాయలు, తరువాత పెంచారు.

సభలో మాట్లాడినా సరే, రాతపూర్వక అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోండి. పట్టిక, పేజీ సంఖ్య చెప్పి ప్రశ్న వేస్తే సంస్థ సమాధానం ఇవ్వక తప్పదు. ‘గని వద్దు’ అని ఒక్క మాట చెప్పి కూర్చుంటే ఆ ఒక్క మాటే నమోదవుతుంది. చివర్లో సభా వివరాలను తెలుగులో చదివి వినిపించాలి కాబట్టి, మీరు చెప్పినది అందులో ఉందో లేదో తేలేవరకు లేచి వెళ్లవద్దు. అనుమతి వచ్చిన తరువాత అభ్యంతరం మిగిలితే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనానికి 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఆపైన ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి సంస్థ సమర్పించవలసిన అర్ధవార్షిక నివేదికలను తెప్పించుకుని, పైమట్టి పరిచిన హెక్టార్లను మొదటి పట్టికతో సరిచూడండి.